చేయి తిరిగినవాడికి బిరుదేదీ?



మేము బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు, రైల్వేలో రాసింది ఇంగ్లీషు. రిటైరయ్యాక నాలుగు జపాన్ మాటలు కూడా చెవిన పడ్డాయి. మన పిల్లవాడొకడు ఆ భాష చదువుతుంటే పక్కన కూర్చున్నాం, అంతే.

జపాన్‌వాళ్లు గొప్ప ప్రతిభను ఒకే మాటతో చెప్పరు. పుట్టుకతో వచ్చినదైతే ‘తెన్‌సాయి’, అంటే ఆకాశం ఇచ్చిన ప్రతిభ. చిన్న వయసులోనే మెరిసేవాడు ‘షిందో’, దేవబాలుడు. సాధనతో పైకి వచ్చినవాడు ‘తత్సుజిన్’, చేరవలసిన చోటికి చేరినవాడు. విద్యలో పేరు తెచ్చుకున్నవాడు ‘మెయ్‌జిన్’. గో, షోగి ఆటల్లో ఇది నేటికీ బిరుదే.

మనకు మాత్రం మాటలు తక్కువా? వందమంది అడిగినవి మనసులో నిలిపి జవాబు చెప్పేవారు శతావధాని. తెలుగునాట తిరుపతి వేంకట కవులు ఆ విద్యతోనే పేరు పొందారు. నాగర్‌కోవిల్ పక్క ఇడలాకుడిలో పుట్టిన సెయ్గుత్తంబి పావలర్ 1907లో చెన్నైలో అదే చేసి ‘సదావదాని’ అయ్యారు. తమిళ బడిలో చదివిన మాకు మొదట తెలిసింది ఆయన పేరే. భాష వేరు, మతం వేరు, బిరుదు ఒకటే.

ఇవన్నీ నోటి విద్యకు. చేతి విద్యకో? ‘గట్టివాడు’, ‘దిట్ట’, ‘చేయి తిరిగినవాడు’ అంటాం. తమిళంలో ‘కెట్టిక్కారన్’ కూడా మన ‘గట్టి’కి చుట్టమే. మాట ఉంది, బిరుదు లేదు, రాసిపెట్టిన పేరూ లేదు.

జపాన్ 1950లో చట్టం చేసి, 1955 నుంచి చేతిపనివారిని కూడా గుర్తిస్తోంది. జనం వారిని ‘నింగెన్ కొకుహో’ అంటారు, మనిషి రూపంలో ఉన్న దేశ సంపద అని. 1956లో క్యోటో నేతగాడు కితగవా హెయ్‌రోకు ఆ గౌరవం దక్కింది. దేనికో తెలుసా? ‘రా’ అనే పలచటి జల్లెడ నేతకు!

మన సత్రపట్టికి పేరు తెచ్చిందీ పలచటి నేతే కదా, ఆసుపత్రుల్లో గాయానికి కట్టే బ్యాండేజీ గుడ్డ. వారి నేతలో చిక్కు ఎక్కువ, ఒప్పుకోవాలి. అయినా పవర్‌లూమ్‌కు ముందు చేతిమగ్గం మీద కూర్చుని, తెగిన పోగును చూడకుండానే వేలితో పట్టి ముడివేసిన తాతలను మేము చిన్నప్పుడు చూశాం. వారిలో ముగ్గురి పేర్లయినా ఇప్పుడు జ్ఞాపకం రావడం లేదు. ఎవరెవరి పేర్లో రిజిస్టర్లలో ఏళ్ల తరబడి రాసిన చేయి ఇది. సిగ్గుగా ఉంది.

మీ ఇంటి పెద్దవారి పేరు, ఏం నేసేవారు, ఇంత మాత్రం పంపండి. తెలుగు రాయడం రాకపోతే తమిళంలోనే రాయండి, మేము తెలుగులో ఎత్తి రాస్తాం.