డీన్స్ బ్లూ హోల్

బహామా దీవుల్లోని లాంగ్ ఐలండ్‌లో, క్లారెన్స్ టౌన్‌కు పడమట ఉన్న చిన్న అఖాతంలోని నిలువు బిలమే డీన్స్ బ్లూ హోల్. లోతు 202 మీటర్లు. నీటి ఉపరితలం వద్ద దాని వెడల్పు 25 నుంచి 35 మీటర్లు మాత్రమే. ఒడ్డు నుంచి తెల్లటి ఇసుక మీద లోతులేని నీళ్లలో నడిచి వెళితే, ఉన్నట్టుండి కాళ్ల కింద నేల తెగిపోయి ముదురు నీలం మొదలవుతుంది. అంచు దగ్గరి ఇసుక సన్నటి ధారలుగా లోపలికి జారుతూ ఉంటుంది. 20 మీటర్లు దిగాక గోడలు వెనక్కి తగ్గి, బిలం సుమారు 100 మీటర్ల వెడల్పున్న గుహగా విచ్చుకుంటుంది. మూతి ఇరుకుగా, కడుపు వెడల్పుగా ఉండే కూజా ఆకారం దీనిది.

ఈ బిలాన్ని తవ్వింది సముద్రం కాదు, వాన నీరు. బహామా దీవులు సున్నపురాయి దిబ్బలు. గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాన నీరు కొద్దిగా ఆమ్లంగా మారి, పగుళ్లలోకి దిగి, వేల ఏళ్లపాటు రాయిని కరిగిస్తుంది. భూగర్భంలో మంచినీరు, ఉప్పునీరు కలిసే పొరలో ఈ కరుగుదల మరీ ఎక్కువ. ఇలా లోపల ఏర్పడిన గుహల కప్పు కూలినప్పుడు పైకి నోరు తెరుచుకుంటుంది. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ఉచ్చదశలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి వచ్చాక, నేల మీది గుహలు నీట మునిగి నీలి బిలాలయ్యాయి. ఇలాంటి మంచుయుగాలు ఒకటి కాదు, అనేకం వచ్చిపోయాయి. ఇంతటి లోతును ఒక్క మంచుయుగానికి ఆపాదించలేం.

మంచు కరిగాక కృష్ణా ముఖద్వారం వద్దా సముద్రం పైకొచ్చింది, కానీ అక్కడ జరిగింది వేరు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల నేల కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక, బంకమట్టి. మునిగిన లోయలను నది మళ్లీ పూడ్చింది. గత ఆరేడు వేల ఏళ్లలో, సముద్రమట్టం ఇంచుమించు నిలకడ పడ్డాక, తీరాన్ని ముందుకు జరుపుకుంటూ వెళ్లింది. మంగినపూడి తీరంలో కాలికి తగిలే నల్లటి బంకమట్టి ఈ కథలోదే. ఈ ఒండ్రు తీరంలో లోతు చాలక, డచ్చి, ఇంగ్లీషు వర్తకుల కాలంలో పెద్ద ఓడలు బందరు (మచిలీపట్నం) ఒడ్డుకు చేరలేక దూరాన లంగరు వేసి, సరుకును పడవల్లో దించుకునేవి. మెత్తటి ఒండ్రులో నిలువు గోడలు నిలవవు. అందుకే కృష్ణా తీరంలో నీలి బిలాలు లేవు. తెలుగు నేల మీద వీటికి దగ్గరి చుట్టం నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు. అక్కడా నీరు సున్నపురాయిని కరిగించి 3,229 మీటర్ల గుహను తొలిచింది. పొలాల నడుమ బావుల్లా కనిపించే గోతులే దాని ద్వారాలు. చివర పాతాళగంగ అనే నీటిపాయ ఉంది. సముద్రానికి దూరంగా, ఎత్తున ఉండటం వల్ల ఆ గుహ సముద్రంలో మునిగిపోలేదు.

డీన్స్ బ్లూ హోల్ అడుగును 1992లో జిమ్ కింగ్ అనే డైవర్ కొలిచాడు. ప్రపంచం దృష్టిని దీనివైపు తిప్పింది మాత్రం ఊపిరి బిగపట్టి దిగే ఫ్రీడైవర్లు. వారికి లోతు ఒక్కటే చాలదు, నీరు కదలకుండా ఉండాలి. ఇక్కడ మూడు వైపులా రాతిగట్లు అలలను అడ్డుకుంటాయి, ప్రవాహం దాదాపు ఉండదు, నీరు వెచ్చగా ఉంటుంది. నడి సముద్రంలో అయితే పడవ ఎక్కి వెళ్లాలి. ఇక్కడ ఒడ్డు నుంచి కొద్ది దూరం ఈదితే 200 మీటర్ల లోతు దొరుకుతుంది. బిలం మధ్యలో తేలే వేదిక నుంచి బరువు కట్టిన తాడు నిలువునా లోపలికి దించుతారు. ఎంచుకున్న లోతు దగ్గర పళ్లెం, దానికి చీటీలు ఉంటాయి. డైవర్ చీటీ తెంపుకుని పైకి వచ్చి, 15 సెకన్లలోగా ముఖం మీది సామగ్రి తీసి, చేత్తో సైగ చేసి, తాను బాగానే ఉన్నానని చెప్పాలి. లేకపోతే ఆ మునక చెల్లదు.

100 మీటర్ల వద్ద ఒత్తిడి ఉపరితలం కంటే 11 రెట్లు. ఊపిరితిత్తుల్లోని గాలి ఆ మేరకు కుంచించుకుపోతుంది. కొంత లోతు దాటాక శరీరం తేలడం మాని దానంతట అదే కిందికి జారుతుంది. గుండె వేగం తగ్గి, రక్తం కాళ్లూ చేతుల నుంచి ఛాతీ వైపు మళ్లుతుంది. అసలు గండం పైకి వచ్చేటప్పుడు. ఒత్తిడి తగ్గేకొద్దీ ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ పీడనం పడిపోయి, ఉపరితలానికి కొద్ది మీటర్ల దూరంలో స్పృహ తప్పే ప్రమాదం ఉంటుంది. అందుకే రక్షక డైవర్లు ఎదురు దిగి, చివరి మీటర్లలో పక్కనే ఉండి పైకి తెస్తారు.

న్యూజిలాండ్‌కు చెందిన విలియం ట్రూబ్రిడ్జ్ ఈ బిలాన్ని తన సాధనాస్థలం చేసుకున్నాడు. 2008లో ఇక్కడ మొదలైన ‘వర్టికల్ బ్లూ’ పోటీ ఆయన ఏర్పాటే. 2010 డిసెంబరులో కాళ్లకు రెక్కలు తొడగకుండా, తాడు పట్టుకోకుండా, కేవలం ఈదుతూ 100 మీటర్లు దిగి వచ్చిన తొలి మనిషి ఆయన. ఆ వెంటనే 101, 2016లో 102 మీటర్లు చేరాడు. ఈ క్రీడలో ఇంతకంటే కష్టమైన విభాగం లేదు. దిగినంత దూరమూ సొంత కండరాలతోనే తిరిగి రావాలి. 2021 జులై పోటీలో రెక్కలతో రష్యాకు చెందిన అలెక్సీ మోల్చనోవ్ 131 మీటర్లు, స్లొవేనియాకు చెందిన అలెంకా ఆర్ట్నిక్ 122 మీటర్లు దిగారు.

2013 నవంబరు 17న అమెరికా డైవర్ నికొలస్ మెవోలీ ఇదే పోటీలో రెక్కల్లేకుండా 72 మీటర్లకు ప్రయత్నించాడు. 68 మీటర్ల దగ్గర వెనుదిరగబోయి, మళ్లీ కిందికే వెళ్లాడు. స్పృహతోనే పైకి వచ్చినా కాసేపటికే కుప్పకూలి ప్రాణం విడిచాడు. అంతర్జాతీయ ఫ్రీడైవింగ్ సమాఖ్య ఐడా పోటీల్లో ఒక క్రీడాకారుడు చనిపోవడం అదే మొదటిసారి. ఒత్తిడికి ఊపిరితిత్తులు దెబ్బతినడం గురించి ఈ క్రీడలో బాహాటంగా చర్చ మొదలైంది ఆ తర్వాతే. అంతకుముందే జరగాల్సిన చర్చ అది.

చాలాకాలం డీన్స్ బ్లూ హోల్ ప్రపంచంలోకెల్లా లోతైన నీలి బిలంగా పేరు పొందింది. 2016లో దక్షిణ చైనా సముద్రంలోని డ్రాగన్ హోల్ లోతు సుమారు 301 మీటర్లని తేలింది. మెక్సికోలోని చెటుమల్ అఖాతంలో ఉన్న ‘తామ్ హా’ బిలంలో 2023 డిసెంబరులో పరికరం 420 మీటర్లు దాటి దిగినా అడుగు తగలలేదు. అయితే ఈ మూడింటిలో ఫ్రీడైవర్ల పోటీలకు పేరు పొందింది మాత్రం డీన్స్ బ్లూ హోలే.