పత్తి పాఠంలో కూలీ ఎక్కడ? (6వ భాగం)



సాయంత్రాలు వాడల్లో, హాస్టళ్లలో పిల్లలకు చదువు చెబుతున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఈ భాగం. ప్రపంచ వ్యాపారంలో న్యాయం అనగానే ఎక్కడో ఉన్న కాఫీ తోటలు చూపిస్తారు. మంత్రాలయం పిల్లలకు అంత దూరం అక్కర్లేదు. ఆదోని పత్తి చాలు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడ నల్లజాతి బానిసలు పండించిన పత్తి మాంచెస్టర్ మిల్లులకు అందలేదు. మిల్లుల కన్ను మన నల్లరేగడి మీద పడింది. ధర ఎగబాకింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. ఎక్కినా దిగినా నిర్ణయం ఇక్కడిది కాదు. మరోవైపు మాంచెస్టర్ మిల్లు బట్ట మన ఊళ్లకొచ్చి, ముతక బట్ట నేసుకునే మాల నేతగాళ్లకు పోటీగా నిలబడింది.

1871 నాటికి ఆదోని మీదుగా మద్రాసు–రాయచూరు రైలు మార్గం పూర్తయింది. 1876లో ధాత కరువు వచ్చింది. రైలు ఉంది, దేశంలో గింజలూ ఉన్నాయి. కొనే డబ్బే కూలోళ్ల దగ్గర లేదు. గింజల వ్యాపారంలో జోక్యం చేసుకోబోమంది లిట్టన్ ప్రభుత్వం. ఇండియా గోధుమలు ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసిన మగమనిషికి 1877లో రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి, పౌను గింజల ఖరీదు, పైన ఒక అణా. పౌనంటే అర కిలో కూడా కాదు. 1871లో 9 లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881కి 7 లక్షల లోపుకు పడిపోయింది. భూమి లేనివాళ్లే ముందు పోయారు.

ఇప్పటికి వద్దాం. 2003లో కాన్‌కున్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో బెనిన్, బుర్కినా ఫాసో, మాలి, చాద్ దేశాలు అమెరికాను నిలదీశాయి. మీ సబ్సిడీలు మా పత్తి ధరను పడగొడుతున్నాయన్నాయి. న్యాయమైన మాట. పిల్లలకు చెప్పాల్సిందే. కానీ పాఠం అక్కడ ఆగితే మన వాడ అందులో ఉండదు. గిట్టుబాటు ధర వచ్చిందనుకుందాం. అందులో పత్తి తీసిన అమ్మకు ఎంత? రైతుకు ధర పెరిగితే కూలి దానంతటది పెరగదు. అడిగితేనే పెరుగుతుంది.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి ఏటా కుటుంబాలు పత్తికి, మిరపకు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. పిల్లలూ వెంట పోతారు. బడి రిజిస్టర్లో గైర్హాజరు పడుతుంది. ఆ గైర్హాజరు కూడా పత్తి ఖర్చులో భాగమే. ఏ కంపెనీ బిల్లులోనూ అది కనపడదు.

అందుకే పిల్లల ముందు ఒక చొక్కా పెట్టండి. విత్తనం, పొలం, పత్తి తీత, యార్డు, జిన్నింగ్, మిల్లు, దుకాణం. ప్రతి చోటా ధర ఎవరు చెప్తారు? ఎవరు ఒప్పుకుని తీరాలి? భూమి ఎవరి పేరున ఉంది? మన వాడవాళ్లు ఎక్కడున్నారు? సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లలను ముందు మాట్లాడనివ్వండి. ఈ పాఠానికి వాళ్లే పంతుళ్లు.

1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్, బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికులకు శత్రువులేనన్నారు. పత్తి పాఠంలో ఆ రెండూ ఒకే చోట కనపడతాయి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచే పాఠం మనకొద్దు.

జై భీమ్!