కూరగాయలకు ఏ ఎరువు: పోలికలో దేన్ని సమానం చేశాం?

కూరగాయల సాగుకు సేంద్రియ ఎరువులు మేలా, రసాయన ఎరువులు మేలా అన్న చర్చలో రెండు పక్షాలూ అంకెలు చూపుతాయి. ఆ అంకెలు చాలావరకు నిజమైనవే; అయినా ఒకదానితో ఒకటి పొసగవు. ఈ తేడాకు కారణం నేలలో కన్నా పోల్చిన పద్ధతిలోనే ఎక్కువగా ఉందనిపిస్తుంది.

ఎరువుల పోలికలో బాగా పాతది, నేటికీ సాగుతున్నది ఇంగ్లండులోని రోథంస్టెడ్‌లో ఉన్న బ్రాడ్‌బాల్క్ చేను. లాస్, గిల్బర్ట్ అక్కడ 1843లో ప్రయోగం ఆరంభించారు. ఒక మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేశారు, మరికొన్నింటికి రసాయన లవణాలు వేశారు. శతాబ్దానికి పైగా పశువుల ఎరువు మడీ, తగినంత రసాయన ఎరువు అందిన మడీ దాదాపు సమానంగా పండాయి. రెండూ ఒకటేననడానికి దీన్ని తరచు ఉదాహరిస్తారు. అలా అనేముందు రెండు సంగతులు గమనించాలి.

1. పశువుల ఎరువుతో ఏటా చేరిన నత్రజని హెక్టారుకు 200 కిలోలు దాటుతుంది. సాధారణంగా దానితో పోల్చే రసాయన మడికి అందింది 144 కిలోలు. అంటే దిగుబడి సమానమైనా, అందిన నత్రజని సమానం కాదు. మరోవైపు, పశువుల ఎరువు మడిలో సేంద్రియ కర్బనం, ఏ ఎరువూ వేయని మడితో పోలిస్తే, రెట్టింపుకు పైగా పెరిగింది. ఒక్క పంట దిగుబడినే కొలిస్తే ఈ లాభం లెక్కలోకి రాదు.

2. అది ప్రధానంగా గోధుమ చేను. నెల రోజుల్లో కోతకొచ్చే తోటకూరకు ఆ ఫలితాన్ని యథాతథంగా వర్తింపజేయలేం.

ఈ రెండో అంశమే కూరగాయలకు కీలకం. ఎకరాకు 40 కిలోల నత్రజని కావాలనుకుందాం. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి 45 కిలోల బస్తాలు రెండు చాలు. చివికిన పశువుల ఎరువులో సుమారు 0.5 శాతమే ఉంటుందని తీసుకుంటే 8 టన్నులు తోలాలి. కాగితం మీద రెండూ సమానమే. కానీ పశువుల ఎరువులోని నత్రజనిలో మొదటి పంటకు అందేది సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతేనని సాధారణ అంచనా. మిగిలింది సూక్ష్మజీవులు కుళ్ళబెట్టిన కొద్దీ తర్వాతి పంటలకు విడుదలవుతుంది. పైగా ఆ 0.5 శాతం కూడా స్థిరమైన అంకె కాదు. ఎండకూ వానకూ వదిలేసిన పెంటకుప్పా, నీడన గోతిలో మాగిన ఎరువూ ఒకటే బలమివ్వవు. ఎరువు నమూనాను విశ్లేషించకుండా టన్నుల లెక్కన చేసిన పోలికను ఈ కారణంగా జాగ్రత్తగా చదవాలి.

సమీక్షల్లోనూ ఇదే చిక్కు. బాడ్‌గ్లీ బృందం 2007లో సేంద్రియ దిగుబడులు అభివృద్ధి చెందిన దేశాల్లో రసాయన సాగులో 92 శాతమనీ, వర్ధమాన దేశాల్లో 180 శాతమనీ లెక్కగట్టింది. రెండో అంకెకు ఆధారమైన పోలికలు చాలావరకు అంతంతమాత్రం ఎరువులు పడిన పొలాలతో చేసినవని విమర్శకులు ఎత్తిచూపారు. ఈ అభ్యంతరం సబబుగానే తోస్తుంది. 2012లో ‘నేచర్’ పత్రికలో సోయిఫెర్ట్ బృందం కూరగాయల్లో సేంద్రియ దిగుబడి 33 శాతం తక్కువని తేల్చింది. అయితే అది పోల్చింది ఎరువులను కాదు, మొత్తం సాగు విధానాలను. పురుగుమందులు, పంట మార్పిడి అన్నీ అందులో కలిసే ఉన్నాయి. కాబట్టి ఆ తేడానంతా ఎరువు ఖాతాలో వేయడం న్యాయం కాదు. నత్రజని ఎక్కువ అందినచోట సేంద్రియ దిగుబడి మెరుగైందని అదే అధ్యయనం చెప్పడం మాత్రం పైన చూసిన విడుదల జాప్యంతో సరిపోతోంది.

పోషక విలువల విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. 2012 నాటి స్టాన్‌ఫర్డ్ సమీక్ష గట్టి తేడా కనిపించలేదంది. 343 పత్రాలను పరిశీలించిన 2014 నాటి మరో సమీక్ష సేంద్రియ పంటల్లో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం తక్కువ అంది.

ఈ ఆధారాలను బట్టి ఒక పరిమిత నిర్ణయానికి రావచ్చు. వంగ, బెండ వంటి నెలల తరబడి కాసే పంటలకు ఆఖరి దుక్కిలో బాగా చివికిన పశువుల ఎరువు వేసి, పైపాటుగా నత్రజనిని దఫదఫాలుగా అందించడం సమర్థించదగిన పద్ధతి. ఆకుకూరలకు పశువుల ఎరువు ఒక్కటే వేస్తే, ఏళ్ల తరబడి ఎరువు తిన్న మడిలో తప్ప, తొలి కోతల్లో వెనకబడే అవకాశం ఎక్కువ. కొత్త మడిలో ఒక్క పంట చూసి సేంద్రియ ఎరువు పనిచేయలేదని తీర్పు చెప్పేవారు, ఆ మడికి ఇంకా అందని నత్రజనిని కూడా నష్టం కింద రాసేస్తున్నారు.