గాలము, ఎర, బెండు

తెలుగువారు ఏ సీమలో స్థిరపడినను వారి వెంట కొన్ని మాటలు పోవును. “వానికి గాలము వేసినారు”, “ఎర చూపి లోబరచుకొనినారు” అని పరరాష్ట్రములందు పుట్టి పెరిగిన మన పిల్లలును పలుకుచుందురు. ఏనాడును గాలపు కఱ్ఱ చేత బట్టి యెఱుగని ఇండ్లలో కూడ ఈ పలుకులు చెక్కుచెదరక నిలిచినవి. ఆ జతలో మూడవదియగు బెండు మాత్రము మన నోటినుండి జారిపోవుచున్నది. నీటిపై తేలుచు, లోన చేప ఎరను తాకినంతనే కదలి, ఒడ్డున కూర్చున్నవానికి కబురందించు తేలిక తునకయే బెండు. మన పల్లెలలో దానిని జీలుగుతో చేసికొనుట పరిపాటి. ఈ మూడింటి చరిత్రను, వానితో పట్టుబడు చేపల చరిత్రను కొంత తెలిసికొనుట ఇక్కడ మా ఉద్దేశము. ఇది కేవలము వినోదచరిత్ర కాదు. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ యను తగవు కూడ ఇందులో కలదు.

మొదట మన పొరుగుననే యున్న కల్యాణపురమునకు పోవుదము. నేడు కర్ణాటకమున బీదరు జిల్లాలో బసవకల్యాణముగా పిలువబడు ఆ నగరమును రాజధానిగా చేసికొని పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1126 నుండి 1138 వరకు పాలించెను. కాకతీయులు నాటికి ఆ వంశమునకు సామంతులు. కావున ఆ కొలువు తెలుగు సీమకు దూరపుది కాదు. భూలోకమల్లుడను బిరుదు గల ఈ రాజు “మానసోల్లాసము” అను సంస్కృత గ్రంథమును రచించెను. నూరు అధ్యాయముల ఆ గ్రంథములో రాజ్యాంగము, వైద్యము, వంట, సంగీతము, ఏనుగులు, గుఱ్ఱములు మొదలగు వానితోపాటు “మత్స్యవినోదము” అను అధ్యాయము కూడ కలదు. సముద్రపు చేపలు, నదీజలముల చేపలు, పొలుసు గలవి, పొలుసు లేనివి అని ఆ రాజు మత్స్యములను విభజించెను. ఏ చేపకు ఏ మేత యిష్టమో, దేనిని చూపి దానిని దరి చేర్చవలెనో వివరించెను. జంతుశాస్త్రజ్ఞుడైన సుందర్ లాల్ హోరా 1951లో ఈ అధ్యాయమును గూర్చి వ్యాసము ప్రకటించి, దాని విలువను ఆధునికులకు తెలియజేసెను. సింహాసనముపై కూర్చున్నవాడు చేపల ఆకలిని గూర్చి ఇంత శ్రద్ధగా వ్రాయుట గమనింపదగినది. గాలము వేయువాని మొదటి విద్య పట్టుట కాదు, ఎదుటి ప్రాణి రుచి నెఱుగుట.

ఇక సముద్రము దాటి ఇంగ్లండు దేశమునకు పోవుదము. బెండుతో చేపలు పట్టు కళ అచ్చట గ్రంథస్థమై, పిదప శ్రామికుల వినోదమై, తుదకు శాసనసభ వరకు పోయినది. 1496లో వింకిన్ డి వర్డ్ అను ముద్రాపకుడు గాలపు వేటను గూర్చిన ఒక చిన్న గ్రంథమును అచ్చువేసెను. జూలియానా బెర్నర్స్ అను స్త్రీ దానికి కర్త్రి యని వాడుక. అందులో కార్కు బెరడుతో బెండు చేయు విధానము కలదు: మంచి బెరడును ఎన్నుకొని, కాల్చిన ఇనుప మొనతో తూటు పొడిచి, ఈకకాడను దూర్చవలెనట. అనంతర కాలమున నెమలి ఈకకాడలు కూడ ఆ దేశమున బెండ్లుగా వాడుకలోనికి వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దమున భారతదేశమునుండి పోయిన వెదురు “కల్కత్తా కేన్” అను పేరుతో వారి గాలపు కఱ్ఱలకు పనికివచ్చెను. పరదేశపు కళలో మన పక్షి ఈకయు, మన వెదురును కుదురుకొనినవి.

ఆ దేశపు నదులలో చబ్ అను చేప కలదు. ఇది మన నదుల బొచ్చెకు, రోహూకు దూరపు చుట్టము. వెడల్పైన తల, పెద్ద నోరు, దిట్టమైన పొలుసు దీని గుర్తులు. పురుగులు, పండ్లు, రొట్టె, జున్ను, ఏది దొరకినను తినును. కాని ఒడ్డున మనిషి నీడ కదలినంతనే మాయమగును. ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథములో ఈ చేపకు ముండ్లు ఎక్కువ, మాంసము చప్పన అని జనులు ఈసడించుట ఒప్పుకొనుచునే, చక్కగా వండినచో ఇదియు కమ్మని భోజనమేయని వాదించెను.

వాల్టన్ వాదించినను లోకము వినలేదు. సాల్మన్, ట్రౌట్ అనునవి మేలిజాతి వేటచేపలనియు, చబ్, రోచ్, బ్రీమ్ మొదలగునవి ముతక చేపలనియు అచ్చట రెండు తరగతులేర్పడినవి. ముతక బట్ట, ముతక బియ్యము అన్నట్లే ఇది. మేలి చేపలున్న నదీభాగములు తఱచు భూస్వాముల చేతిలో నుండగా, ముతక చేపలు కార్మికుల పాలబడినవి. నాటింగ్హామ్ నగరమున ట్రెంట్ నది ఒడ్డున ఆ సామాన్యులే బెండు వేటను ఒక శాస్త్రముగా తీర్చిదిద్దిరి. ఆ ఊరివాడైన విలియమ్ బెయిలీ 1857లో దానిపై గ్రంథము వ్రాసెను.

ఆ పద్ధతి చూచుటకు సులభము, చేయుటకు కష్టము. తేలికగా తిరుగు కొయ్య రాటమునుండి సన్నని దారము విడుచుచు బెండును ప్రవాహముతో దూరము పోనీయవలెను. దారమునకు చిన్న సీసపు గుండ్లు కూర్చి, ఎర నదీతలమునకు కొంచెము పైగా పోవునట్లు లోతు సరిచూడవలెను. నీరు పైన వడిగాను, అడుగున మెల్లగాను పారును. బెండు పై నీటి వడితో పోయినచో ఎర కూడ అసహజమైన వేగముతో ఈడ్వబడును, చేప సందేహించును. కావున దారమును మెత్తగా పట్టి బెండును కొంచెము వెనుకకు నిలుపవలెను. నడుమ నడుమ పిడికెడు మేతను ఎగువన చల్లుచుండవలెను. బెండు చటుక్కున మునిగిన ఆ క్షణమున మణికట్టు కదలవలెను. ఒక్క లిప్త ఆలస్యమైనను గాలము వట్టిదే.

చట్టము మాత్రము చాలకాలము ఈ చేపలను పట్టించుకొనలేదు. సాల్మన్ రక్షణకై 1861లో శాసనము వచ్చెను. ముతక చేపలను గ్రుడ్లు పెట్టు కాలములో కూడ పట్టుచున్నను అడుగువారు లేకపోయిరి. షెఫీల్డు శాసనసభ్యుడు ఏ. జె. ముండెల్లా, ఆ ఊరి గాలగాండ్ర పక్షమున, 1878లో మంచినీటి చేపల శాసనమును సాధించెను. మార్చి 15 మొదలు జూన్ 15 వరకు ఆ చేపలను పట్టరాదని నియమమేర్పడెను. ఇంగ్లండు నదులలో ఆ విరామకాలము నేటికిని అమలులోనున్నది. ముతకవియని పేరుబడిన చేపలకు రక్షణ దొరకినది వానిని ప్రేమించిన సామాన్యుల మొఱ వలననే.

ఆ కాలముననే మన దేశమున ఒక వింత జరిగెను. మదరాసు సివిల్ సర్వీసులో దక్షిణ కన్నడ కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మంగళూరులో “ది రాడ్ ఇన్ ఇండియా” అను గ్రంథమును ప్రకటించెను. తన దేశపు మేలిజాతి సాల్మన్ కంటె, పరిమాణము సరిచూచినచో, మన మహసీరు అధికమైన పోరాటము చూపునని ఆయన అభిప్రాయము. ఈ మహసీరు ఏ కులమునకు చెందినది? చబ్ వలె ఇదియు కార్పుల వర్గములోనిదే! ఇంగ్లండులో ముతకయని త్రోసివేసిన కులము కావేరీ జలములలో రాజపట్టము గట్టుకొనెను. ఎక్కువ తక్కువలు చేపలో లేవు, చూచువాని కంటిలో నున్నవి. పిదప 1887లో థామస్ చెరువులలో గాలము వేయుటను గూర్చి మఱియొక గ్రంథమును వ్రాసెను. నీటిలో విషము కలుపుట, సన్నని కన్నుల వలలతో పిల్లచేపలను ఊడ్చివేయుట మొదలగు అకృత్యములను ఆయన తీవ్రముగా ఖండించెను. 1897లో వచ్చిన భారత మత్స్యశాసనము పేలుడు మందులతోను, విషముతోను చేపలను చంపుటను నేరముగా చేసెను.

అయినను కథ సుఖాంతము కాలేదు. 1946లో మైసూరు వాన్ ఇంజెన్ కుటుంబపు సభ్యుడొకడు కబిని నదిలో 120 పౌండ్ల మహసీరును గాలముతో పట్టెను. అంతటి చేపలను పెంచిన కావేరీ నదికి ఆనకట్టలు అడ్డుపడినవి. మెట్టూరు ఆనకట్ట 1934లో పూర్తియైనది. గ్రుడ్లు పెట్టుటకు ఎగువకు పోవు చేపకు ఆనకట్ట దాటరాని గోడ. బెంగుళూరులో 1972లో వన్యప్రాణి ప్రియులు సంఘముగా చేరి, పట్టిన మహసీరును తిరిగి నీట విడుచు ఆచారమును పెంపొందించిరి. గాలము వేయువాడే కావలివాడయ్యెను. కాని 2018లో కావేరి మూపుర మహసీరు “తీవ్ర విపత్తులోనున్న” జాతిగా అంతర్జాతీయ పట్టికలో చేరినది. అదే సంవత్సరమున శాస్త్రజ్ఞులు దాని సరియైన శాస్త్రీయ నామమును నిర్ధారించిరి. పేరు తేలిన నాటికే ప్రాణి కనుమరుగగు స్థితికి వచ్చెను!

స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇందులో ఒక పాఠమున్నదని మా నమ్మకము. మనలో కొందఱు కావేరి నీరు త్రాగుచున్నారు. కొందఱు తుంగభద్ర ఒడ్డున నున్నారు. వంశధార ఒడిస్సా కొండలలో పుట్టి తెలుగు నేలకు వచ్చుచున్నది. గోదావరి మహారాష్ట్రమున పుట్టి, గౌతమీ శాఖగా యానామును తాకి సముద్రమును చేరుచున్నది. నదికి రాష్ట్రపు సరిహద్దులు తెలియవు. మన పూర్వుల ఊరి యేరే మనదనియు, ఇప్పుడు మన గుమ్మము ముందు పారునది పరులదనియు తలచుట మేలు, ముతక యని చేపలను వేఱుచేసినట్టి పొరపాటే.

మన భాషలో చేపల పేర్లకు కొదువ లేదు. వాలుగ, బొచ్చె, కొఱ్ఱమీను, జెల్ల, పరిగె, బేడిస అని మన పెద్దలు ఒక్కొక్కదానిని గుర్తుపట్టి పిలిచిరి. కవులు సుందరుల కన్నులను బేడిసలతో పోల్చిరి. ఈ పేర్లను మన పిల్లలకు నేర్పుదము. అంతతో ఆగక, మనమున్న చోటి నదిలోని చేపలను అచ్చటివారు ఏమని పిలుతురో అడిగి తెలిసికొందము. పేరు తెలిసిన ప్రాణి పోయినప్పుడే ఎవరికైనను లోటు తోచును. బెండు పైన తేలుచు అడుగున జరుగుదానిని తెలుపును. పరసీమలో భాష కూడ అట్టిదే. అది మునుగునప్పుడు చూచువారు ఒడ్డున ఉండవలెను.