పెంగ్విన్ల కోసం మళ్లీ ఓడెక్కినవాడు

ఫ్రాంక్ హర్లీ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ 1916 ఆగస్టు 30న అంటార్కిటికా అంచునున్న ఎలిఫెంట్ దీవి నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు. అక్కడ నాలుగున్నర నెలలపాటు బోర్లించిన పడవల కింద తలదాచుకుని, సీల్ మాంసమూ పెంగ్విన్ మాంసమూ తిని బతికాడు. అలాంటి మనిషి ఏడాది తిరక్కుండానే, 1917లో, మళ్లీ ఓడెక్కి ఆ దక్షిణ సముద్రాలకే బయల్దేరాడు. తీసుకొచ్చిన సినిమాలో జంతువులు చాల్లేదట! అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్‌లో కనబడ్డ ఓడనల్లా ముంచుతున్నాయి. అయినా వెళ్లాడు. వెళ్లి సౌత్ జార్జియా దీవిలో పెంగ్విన్లనూ ఎలిఫెంట్ సీళ్లనూ సినిమా తీసి తిరిగొచ్చాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. దక్షిణ ధ్రువ సముద్రాల్లో జంతువుల ఫొటోల కోసమే సాగే ఓడ ప్రయాణాలకు నా లెక్కలో అదే శ్రీకారం.

మొదటిసారి వెళ్లినప్పుడు జంతువులు ఎందుకు తక్కువయ్యాయో తెలియాలంటే హర్లీ ఎక్కిన ‘ఎండ్యూరెన్స్’ ఓడ కథలోకి వెళ్లాలి. అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ నడిపిన ఆ ఓడ 1915 జనవరిలో వెడెల్ సముద్రపు మంచులో ఇరుక్కుంది. పది నెలలయ్యేసరికి మంచు దాన్ని నలిపేసింది. అక్టోబరు 27న అందరూ ఓడ వదిలి మంచు మీదికి దిగారు. హర్లీ తీసిన గాజు పలకల నెగటివ్‌లు మాత్రం ఓడలోనే, నీళ్లలో మునిగిపోయి ఉన్నాయి. కొద్దిరోజులకు అతను ఆ శిథిలంలోకి తిరిగివెళ్లి, అడ్డొచ్చిన చెక్క గోడను నరికి, చొక్కా విప్పి, మంచుముక్కలు తేలుతున్న నీళ్లలోకి దూకాడు. సీలువేసిన డబ్బాలు ఒక్కొక్కటే పైకి తీశాడు. లోపల పలకలు చెక్కుచెదరలేదు.

అన్నిటినీ మోసుకుపోవడం అయ్యే పని కాదు. నవంబరు 9న షాకిల్టన్, హర్లీ మంచు మీద కూర్చుని పలకలన్నీ పైకెత్తి చూశారు. ఉంచుకోవాల్సింది ఒక పక్కన, వద్దనుకున్నది ఇంకో పక్కన. వద్దనుకున్నదాన్ని హర్లీ అక్కడికక్కడే పగలగొట్టాడు, మళ్లీ మనసు మారకుండా. దాదాపు 400 పలకలు ముక్కలైపోయాయి, 120 దాకా మిగిలాయి. ఆ నాలుగువందల్లో ఎన్ని పక్షులు పోయాయో, ఎన్ని సీళ్లు పోయాయో! తలుచుకుంటే ఈనాటికీ నా ప్రాణం ఉసూరుమంటుంది. పెద్ద కెమెరాలు కూడా అక్కడే వదిలేయాల్సొచ్చింది. ఆ తర్వాత ఎలిఫెంట్ దీవి చేరి బయటపడేదాకా అతని చేతిలో ఉన్నవి జేబులో పట్టే చిన్న కోడాక్ ఒకటి, మూడు రోల్స్ ఫిల్మ్. ఎదురైన పెంగ్విన్ కెమెరాకంటే ముందు వంటకు పనికొచ్చే రోజులవి. సినిమాలో జంతువులు లేకపోవడంలో వింతేముంది?

హర్లీకంటే ముందు కూడా ఈ నీళ్లలోకి కెమెరాలు వెళ్లకపోలేదు. 1874 ఫిబ్రవరిలో అంటార్కిటిక్ వలయం దాటిన ‘ఛాలెంజర్’ ఓడ మంచుకొండల ఫొటోలు తెచ్చింది. 1904 మార్చిలో, విలియం బ్రూస్ నాయకత్వాన స్కాట్లండ్ నుంచి వెళ్లిన ‘స్కోషియా’ ఓడ దగ్గర తీసిన ఫొటో ఒకటి లోకమంతా తిరిగింది. అందులో ఆ ఓడలోని గిల్బర్ట్ కెర్ నిండు స్కాటిష్ వేషంలో బ్యాగ్‌పైప్ ఊదుతుంటే ఎదురుగా ఎంపరర్ పెంగ్విన్ వింటున్నట్టు నిలబడి ఉంటుంది. ఆ పక్షి వినడానికి నిలబడలేదు, దాన్ని తాడుతో కట్టేశారు. ఆ రోజుల్లో జంతువును ఫొటో తీయడమంటే ముందు దాన్ని పట్టుకోవడమే.

ఈ పద్ధతి మార్చినవాడిగా నేను నెత్తిన పెట్టుకునేది ఫొటోగ్రాఫర్ హెర్బర్ట్ పాంటింగ్‌ను. 1910లో దక్షిణ ధ్రువ అన్వేషకుడు స్కాట్ సాహసయాత్రతో ‘టెర్రా నోవా’ ఓడలో బయల్దేరాడు. దారిలో సముద్రపు తిప్పుడుకు అన్నం ముట్టలేకపోయినా పని ఆపలేదు. ఒక చేతిలో ఫొటోలు కడిగే ట్రే, ఇంకో చేతిలో వాంతికి పళ్లెం పట్టుకుని పనిచేశాడని స్కాట్ తన డైరీలో రాసుకున్నాడు. ఓడ ముక్కు మంచును చీల్చడం సినిమా తీయాలని ఓడ పక్క నుంచి బయటికి పలకలు కట్టించుకుని, వాటి చివర వేలాడుతూ తీశాడు.

1911 జనవరిలో ఓర్కా తిమింగలాల గుంపును ఫొటో తీయాలని కెమెరా పట్టుకుని మంచు అంచుకు పరుగెత్తాడు. ఓర్కాలు నీళ్లలోకి మునిగాయి. మరుక్షణం అతని కాళ్ల కిందనే మంచు పైకి లేచి పగిలింది. అవి కిందినుంచి వీపులతో గుద్దుతున్నాయి. ముక్క నుంచి ముక్కకు దూకుతూ బయటపడ్డాడు. అంత మందం మంచును అవి కలిసికట్టుగా పగలగొట్టగలవని అక్కడున్న ఎవరికీ అంతవరకూ తెలియదు. కేప్ రాయిడ్స్‌లో అడేలీ పెంగ్విన్ల గూళ్ల మధ్య అవి గుడ్లు పొదగడమూ, పిల్లల్ని సాకడమూ ఓపిగ్గా తీశాడు. ఒకసారి ఫోకస్ చేస్తూ పెదాలు తడుపుకోబోతే నాలుక కెమెరా లోహానికి తగిలి గడ్డకట్టి అతుక్కుంది. లాక్కునేసరికి నాలుక కొన చర్మం ఊడి కెమెరాకే ఉండిపోయింది. బయట చలిలో ఉన్న కెమెరాను వెచ్చని గుడిసెలోకి తెస్తే అద్దాల నిండా ఆవిరి పట్టేది. అందుకని కెమెరాల్ని బయటే ఉంచడం అలవాటు చేసుకున్నాడు. నేటికీ చలిదేశాల్లో తిరిగే ఫొటోగ్రాఫర్లు తప్పక గుర్తుంచుకునే విషయమిది.

హర్లీ సినిమా ‘సౌత్’ 1919లో విడుదలైంది. ఆ తర్వాత నలభై యాభై ఏళ్లు ఆ సముద్రాల్ని ఏలినవాళ్లు తిమింగలాల వేటగాళ్లు. సౌత్ జార్జియాలోని గ్రిట్వికెన్‌లో కార్ల్ ఆంటన్ లార్సెన్ 1904లో వేట కేంద్రం పెట్టాడు. 1960ల్లో అంతా మూతపడేలోగా ఆ దీవి తీరాల్లో దాదాపు 1,75,000 తిమింగలాలను కోసి నూనె తీశారు. మనకు అసలైన నష్టం ఇక్కడే జరిగింది. నీటిలో స్వేచ్ఛగా ఈదే నీలి తిమింగలాన్ని కెమెరా సరిగ్గా చూడకముందే అది అక్కడ దాదాపు కనుమరుగైంది. ఆ కాలపు ఫొటోల్లో తిమింగలమంటే కోతకు ఒడ్డున పడేసిన శవమే.

వేట సద్దుమణిగే వేళకు యాత్రికులొచ్చారు. లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ 1966లో అర్జెంటీనా నౌకాదళం ఓడను అద్దెకు తీసుకుని పర్యాటకుల్ని అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. 1969లో ‘లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్’ను ఇందుకోసమే కట్టించాడు. ఎర్రరంగు పొట్టతో ఉండే ఆ చిన్న ఓడ పేర్లూ యజమానులూ మారుతూ తిరిగి, 2007 నవంబరులో మంచుకు తగిలి మునిగింది. అందులోని 154 మందీ క్షేమంగా బయటపడ్డారు. 1991లో యాత్రా సంస్థలు ఒక సంఘంగా ఏర్పడి నియమాలు పెట్టుకున్నాయి. ఒకేసారి నూరుమందికి మించి ఒడ్డుకు దిగకూడదు, పెంగ్విన్‌కు కనీసం 5 మీటర్ల దూరంలో ఆగాలి. తాడుతో కట్టేసిన కాలం నుంచి ఇంత దూరం వచ్చామంటే అది చిన్న విషయం కాదు.

ఈ ప్రయాణాల ఖర్చు, ఓడల పొగ తలుచుకుంటే ఇన్ని ఫొటోలు ఎవరి కోసమని అడగాల్సిందే. నాకు తృప్తినిచ్చిన జవాబు ఒకటుంది. హంప్‌బ్యాక్ తిమింగలం తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఏ ఒక్కదానికీ ఇంకోదానిలా ఉండవు. యాత్రికులు తీసిన తోక ఫొటోల్ని ‘హ్యాపీవేల్’ అనే ప్రాజెక్టు పోల్చి చూసి, ఏ తిమింగలం ఎప్పుడు ఎక్కడ తిరిగిందో లెక్క కడుతోంది. గ్రిట్వికెన్ రోజుల్లో చచ్చినవాటి లెక్క మాత్రమే రాశారు, ఇప్పుడు బతికున్నవాటిని ఒక్కొక్కటిగా గుర్తుపడుతున్నారు. అందుకే అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఎవరు కనబడ్డా ఫొటోల అందం గురించి తర్వాత మాట్లాడతాను. తేదీ, చోటు రాసి తోకల ఫొటోలు పంపించారా అని ముందడుగుతాను.