ఆర్వీల్లో సౌర ఛార్జ్ కంట్రోలర్లు, బ్యాటరీలు

పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ చక్రాల మీదే ఉండే వాహనాన్ని అమెరికాలో ఆర్వీ అంటారు. కరెంటు ఉన్న క్యాంపుగ్రౌండులో తీగ తగిలించుకుంటే సరిపోతుంది. ఎడారిలోనో అడవిలోనో ఆపితే మాత్రం దీపాలు, నీటి పంపు, ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీదే నడవాలి. పైకప్పు మీది సౌర ప్యానెల్‌కూ ఆ బ్యాటరీకీ మధ్య నిలబడి, ఏ వోల్టేజీ దగ్గర ఎంత కరెంటు పోవాలో తేల్చే పరికరమే ఛార్జ్ కంట్రోలర్. దీన్ని ప్యానెళ్లకు తోకగా చూడడం మామూలే గాని, దీని చరిత్రను నడిపింది చాలావరకు బ్యాటరీయే.

లెడ్-యాసిడ్ బ్యాటరీని ఫ్రాన్స్‌కు చెందిన గాస్టోన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. వాడుతున్నకొద్దీ దాని పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, ఛార్జ్ చేస్తే కరుగుతుంది. సగం ఛార్జితో వారాల తరబడి వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా మారి మళ్లీ కరగదు. దీన్నే సల్ఫేషన్ అంటారు. మితిమీరి ఛార్జ్ చేస్తే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోయి ఇంకిపోతుంది. తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే కాబట్టి మధ్యలో ఒక కాపలాదారు అవసరమైంది.

1954లో బెల్ ల్యాబ్స్ చూపిన సిలికాన్ సౌర ఘటం సామర్థ్యం 6 శాతం. ధర విపరీతం కావడంతో అది తొలుత ఉపగ్రహాలకే పరిమితమైంది, 1958లో వాన్‌గార్డ్-1తో అంతరిక్షానికి వెళ్లింది. 1973 చమురు సంక్షోభం తర్వాత ధరలు దిగసాగాయి. 1983లో అమెరికా భూ నిర్వహణ సంస్థ అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో చలికాలమంతా ఆర్వీలు నిలుపుకొనే ప్రాంతాలను ఏర్పాటు చేసింది. క్వార్ట్జ్‌సైట్ దగ్గరి లా పోసా వాటిలో పేరున్నది. అక్కడ ఎండకు కొదవలేదు, ఒక్కో స్థలానికి కరెంటు కనెక్షన్ మాత్రం ఉండదు.

తొలినాటి కంట్రోలర్లు ఉత్త రిలేలు. నిర్ణీత వోల్టేజీ రాగానే తెంచేయడం, అది తగ్గాక మళ్లీ కలపడం, అంతే. అలా తెంచితే బ్యాటరీ ఎన్నడూ పూర్తిగా నిండదు, సల్ఫేషన్‌కు దారి తెరిచే ఉంటుంది. కరెంటును క్షణక్షణం కోస్తూ వోల్టేజీని నిలకడగా పట్టి ఉంచే పీడబ్ల్యూఎం రకం ఈ లోటు తీర్చింది. రెండో రకం ఎంపీపీటీ, ప్యానెల్ అత్యధిక శక్తి ఇచ్చే వోల్టేజీని వెతికి పట్టుకునేది. ఈ ఆలోచన అంతరిక్ష నౌకల కోసం 1960లలోనే పుట్టింది. వాణిజ్య పరికరంగా 1985లో ఆస్ట్రేలియా సంస్థ ఏఈఆర్ఎల్ తెచ్చింది.

రెండింటి తేడా ఒక లెక్కలో తేలిపోతుంది. 100 వాట్ల ప్యానెల్ 18 వోల్టుల దగ్గర 5.5 ఆంపియర్లు ఇస్తుందనుకుందాం. పీడబ్ల్యూఎం ఆ ఆంపియర్లనే 13 వోల్టుల బ్యాటరీకి పంపుతుంది, చేరేది 72 వాట్లే. ఎంపీపీటీ మిగులు వోల్టేజీని కరెంటుగా మార్చి చాలావరకు దక్కిస్తుంది. అయినా 36 ఘటాల చిన్న ప్యానెల్ ఒకటో రెండో ఉంటే పీడబ్ల్యూఎం చాలు. ఎండలో వేడెక్కిన ప్యానెల్ వోల్టేజీ ఎలాగూ పడిపోతుంది, తేడా తగ్గుతుంది. ఇళ్ల మీద పెట్టే 30 వోల్టుల పెద్ద ప్యానెళ్లకు మాత్రం ఎంపీపీటీ తప్పదు. 400 వాట్లను 12తో భాగిస్తే 33 కాబట్టి 40 ఆంపియర్ల కంట్రోలర్ తీసుకుంటారు. చలిలో ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. గడ్డకట్టే ఉదయం వచ్చే అత్యధిక వోల్టేజీ కంట్రోలర్ పరిమితి దాటితే అది కాలిపోవచ్చు.

1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి పాధి, నంజుండస్వామి, గుడెనఫ్ ప్రచురించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పరిశోధన ఆర్వీ బ్యాటరీలను మార్చివేసింది. బరువు తక్కువ, వేల ఆవృతాల ఆయుష్షు, సగం ఛార్జితో ఉన్నా సల్ఫేషన్ భయం లేదు. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఛార్జ్ చేయకూడదు, లోపల లిథియం లోహం పేరుకుంటుంది. వోల్టేజీ చివరిదాకా దాదాపు మారదు గనుక మిగిలిన ఛార్జి తెలియాలంటే వచ్చిపోయే కరెంటును కొలిచే షంట్ ఉన్న మీటరు కావాలి.

నీళ్లు పోసే లెడ్-యాసిడ్ రకానికి సేవ ఎక్కువ. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకున్నవారికి ఇది కొత్త కాదు: పూర్తిగా ఛార్జ్ అయ్యాక డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కుళాయి నీళ్లు కూడదు. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచాక 12.7 వోల్టులు చూపితే నిండినట్టు, 12.2కు దిగితే ఇంచుమించు సగమైనట్టు. సగానికి మించి దింపకపోతే ఎక్కువ కాలం మన్నుతుంది. వేడిలో ఛార్జింగ్ వోల్టేజీ తగ్గాలి, చలిలో పెరగాలి. అందుకే ఉష్ణోగ్రత సెన్సర్‌ను బ్యాటరీకే అంటించాలి. లిథియం రకానికి ఈ సవరణ ఆపేయాలి. బిగించేటప్పుడు చాలా కంట్రోలర్లకు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్ కలపాలి.

కంట్రోలర్ కొనే ముందు బ్యాటరీ తయారీదారు ఇచ్చిన ఛార్జింగ్ వోల్టేజీల పట్టిక చూడండి. ఆ అంకెలను మీరే అమర్చుకునే వీలున్న మోడల్‌నే తీసుకోండి.