పిల్లలు ఎక్కువ, సంపాదన తక్కువ: మనోవర్తిని కోర్టు ఎలా లెక్కిస్తుంది?

ఆత్తిపట్టు, పొన్నేరి ప్రాంతంలోని మన కుటుంబాల్లో థర్మల్ కేంద్రంలో, పోర్టులో కాంట్రాక్టు పనికి వెళ్లేవారు, ఆటో నడిపేవారు ఉన్నారు. ఇలాంటి ఇళ్లలో భార్యాభర్తలు విడిపోతే ముగ్గురు నలుగురు పిల్లల ఖర్చుకు ఎంత వస్తుంది, ఎంత ఇవ్వాలి అన్నది పెద్ద ప్రశ్న. ఇక్కడి కోర్టు కాగితాల్లో ‘జీవనాంశం’ అని కనబడేదే మన మనోవర్తి.

ముందుగా గుర్తుంచుకోవలసింది ఒకటి. ‘ఒక్కో బిడ్డకు ఇంత’ అనే రేటు మన చట్టంలో లేదు. మనం చూపించే ఆధారాలను బట్టే మొత్తం తేలుతుంది.

ఏ చట్టం కింద అడగాలి?

పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. పెళ్లి చేసుకోని తల్లిదండ్రుల బిడ్డకూ హక్కు ఉంది. నెలకు 500 రూపాయలకు మించకూడదన్న పాత పరిమితిని 2001లోనే తీసేశారు.

హిందువులకు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం కూడా ఉంది. దాని 20వ సెక్షన్ ప్రకారం పిల్లల పోషణ తల్లిదండ్రులిద్దరి బాధ్యత. తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురు 18 ఏళ్లు దాటినా ఈ చట్టం కింద అడగవచ్చు.

లెక్క ఎలా సాగుతుంది?

రజనేశ్ - నేహ కేసులో 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే.

పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడు అర్థం చేసుకోవడానికి 2004లో ఢిల్లీ హైకోర్టు అనూరిత వోహ్రా కేసులో వాడిన పద్ధతి ఉపయోగపడుతుంది. సంపాదించే వ్యక్తికి రెండు వాటాలు, మిగతా ఒక్కొక్కరికి ఒక్కో వాటా. ఇది మన కోర్టులు తప్పక పాటించాల్సిన సూత్రం కాదు, ఒక అంచనా మాత్రమే.

తండ్రి చేతికి నెలకు 18,000 రూపాయలు వస్తాయనీ, తల్లికి సంపాదన లేదనీ అనుకుందాం.

- ఒక బిడ్డ ఉంటే: 4 వాటాలు, వాటా 4,500. తల్లీబిడ్డలకు 9,000.
- ముగ్గురు పిల్లలుంటే: 6 వాటాలు, వాటా 3,000. తల్లీపిల్లలకు 12,000.
- ముగ్గురు పిల్లలతో పాటు తండ్రిపై ఆధారపడిన అమ్మానాన్నలూ ఉంటే: 8 వాటాలు, వాటా 2,250. తల్లీపిల్లలకు 9,000.

పిల్లలు పెరిగితే మొత్తం పెరుగుతుంది, తలకు వచ్చేది తగ్గుతుంది. తల్లికీ సంపాదన ఉంటే ఖర్చును ఇద్దరి ఆదాయాల నిష్పత్తిలో పంచవచ్చు.

‘నాకు పని లేదు’ అంటే?

ఒంట్లో శక్తి ఉన్న భర్త కూలి చేసైనా భార్యాపిల్లలను పోషించాలని 2022లో అంజు గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జీతం చీటీ లేకపోతే కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకున్న తీర్పులూ ఉన్నాయి. తప్పనిసరి కోతలను కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. సొంతంగా చేసిన అప్పుల కంతులను సాధారణంగా ఒప్పుకోదు.

నిజంగానే పని పోయిన తండ్రి డబ్బు ఆపేసి ఊరుకోకూడదు. మొత్తం తగ్గించమని 146వ సెక్షన్ కింద దరఖాస్తు వేయాలి. ఎగ్గొట్టిన ఒక్కో నెలకు నెల రోజుల వరకు జైలు పడవచ్చు. జైలుకు వెళ్లినా బాకీ తీరదు.

ఎక్కడ వేయాలి?

ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట మొదటి తరగతి మేజిస్ట్రేటు దగ్గర. భర్త సూళ్లూరుపేటలోనో నెల్లూరులోనో ఉన్నా, భార్య తానున్న చోటే వేయవచ్చు. ఇక్కడి ఉత్తర్వును ఆంధ్రాలో అతను ఉన్నచోటి మేజిస్ట్రేటు ద్వారా అమలు చేయించవచ్చు. అయితే బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు వేయాలి.

ఏం సిద్ధం చేసుకోవాలి?

పిల్లల జనన ధ్రువపత్రాలు, రేషన్ కార్డు, బడి ఫీజు రసీదులు, ఆసుపత్రి బిల్లులు, అద్దె వివరాలు, బ్యాంకు పాస్‌బుక్. ఎదుటివారి ఆదాయం గురించి కాంట్రాక్టరు పేరు, బండి నంబరు వంటి ఏ చిన్న ఆధారమైనా పనికొస్తుంది. కాగితాలు తమిళంలో ఉంటాయి కనుక చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

ఊరి పెద్దల ముందు తల్లి ‘ఇక అడగను’ అని రాసిచ్చినా పిల్లల హక్కు పోదు.

మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఆదాయ పరిమితికి లోబడి పురుషులకూ ఈ సాయం ఉంది. తిరువళ్లూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.